ఉద్యోగంలో మొహమాటం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల అందిన ఉత్తరాల్లో చాలా వాటిలో ఒకే బాధ కనిపించింది. పని వచ్చు, చేసే ఓపికా ఉంది. కానీ పై అధికారి ముందో, సమావేశంలోనో, తోటివారి మధ్యనో చెప్పవలసిన మాట గొంతు దాటి రావడం లేదని విశాఖలో గాజువాక నుంచి మధురవాడ దాకా వేర్వేరు ఉద్యోగాల్లో ఉన్నవారు రాశారు. వాటిలో ఆరింటిని, రాసినవారెవరో తెలియకుండా కుదించి, జవాబులతో ఇస్తున్నాను. నోరు విప్పలేకపోవడం తమ స్వభావంలోని లోపమని దాదాపు అందరూ రాశారు. నేను అలా అనుకోవడం లేదు. చెప్పవలసిన వాక్యం ముందుగా సిద్ధంగా లేకపోవడమే చాలా సందర్భాల్లో అసలు ఇబ్బంది. దాన్ని సిద్ధం చేసుకోవడం ఎవరైనా నేర్చుకోగల పని.

ప్రశ్న: నేను సిరిపురంలోని ఒక ప్రైవేటు సంస్థలో నాలుగేళ్లుగా అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నాను. నా పని వేళకు ముగిస్తాను. కానీ సాయంత్రం ఐదున్నర దాటాక మా మేనేజరు గారు మరో ఫైలు తెచ్చి, "అమ్మా, నువ్వైతే చిటికెలో చేసేస్తావు" అంటారు. పక్క సీటులో ఉన్నాయన తన జీఎస్టీ రిటర్నులు కూడా నాకే అంటగడుతున్నారు. బస్సు పట్టుకొని ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిదవుతోంది. కాదని చెప్పాలని రోజూ అనుకుంటాను, చెప్పలేకపోతున్నాను. చెబితే పొగరు అనుకుంటారేమోనని భయం. – ఒక పాఠకురాలు, కూర్మన్నపాలెం

జవాబు: మీరు చివర రాసిన ఆ భయమే అసలు సమస్య కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. పెద్దల మాటకు ఎదురు చెప్పకపోవడాన్ని మన ఇళ్లలో సంస్కారంగా నేర్పుతారు. ఆ పెంపకంలో మంచి ఉంది, దాన్ని వదులుకొమ్మని నేను చెప్పను. అయితే ఇంట్లో పెద్దవారు మన ముఖం చూసి ఆకలినీ అలసటనూ కనిపెడతారు. ఆఫీసులో మేనేజరుకు అలా కనిపెట్టే వీలు లేదు, ఆయన్నుంచి దాన్ని ఆశించకూడదు కూడా. మీ దగ్గర ఎంత పని పేరుకుపోయిందో మీరు చెబితే తప్ప ఆయనకు తెలియదు. నాలుగేళ్లుగా మీరు నవ్వుతూ ఫైలు అందుకుంటున్నారు గనుక ఆయన లెక్కలో మీకు తీరిక ఉన్నట్టే.

ఇంకో సంగతి. మేనేజరు గారితో మీరు "కాదు" అనవలసిన అవసరమే లేదు. ఉన్నదున్నట్టు చెప్పి, నిర్ణయం ఆయనకే వదిలితే చాలు. ఇలా చెప్పి చూడండి: "సార్, బ్యాంకు రీకన్సిలియేషన్ రేపు ఉదయం 11 గంటలకు ఇవ్వాలి, అది నా చేతిలో ఉంది. ఈ ఫైలు కూడా రేపటికే కావాలంటే అది మధ్యాహ్నానికి జరుగుతుంది. రెండింటిలో ఏది ముందు చేయమంటారు?" ఇందులో ఫిర్యాదు లేదు, ధిక్కారం లేదు, క్షమాపణ కూడా లేదు. ఆయన పెద్దరికానికి ఏ లోటూ రాలేదు, ఎందుకంటే ఏది ముందో తేల్చవలసింది ఆయనే. మీ సమయానికి ఒక హద్దు ఉందన్న సంగతి మాత్రం మొదటిసారి బల్ల మీదకు వచ్చింది.

ఈ మాట చెప్పేటప్పుడు రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది, ఇంటి కారణాలు కలపకండి. బాబుకు జ్వరమనో, అత్తగారు ఊళ్లో లేరనో మొదలుపెడితే సంభాషణ పని మీద నుంచి మీ ఇంటి మీదకు మళ్లుతుంది; జ్వరం తగ్గిన మర్నాడు ఫైలు మళ్లీ వస్తుంది. మీకు పని గంటలు ఉండడమే చాలినంత కారణం. రెండవది, ప్రశ్న అడిగాక ఆగండి. మొహమాటం ఉన్నవారు ఎదుటివారు జవాబిచ్చేలోపే ఆ నిశ్శబ్దాన్ని భరించలేక, "పర్లేదులెండి సార్, చేసేస్తాను" అని తామే ఒప్పేసుకుంటారు. ఆ మూడు నాలుగు క్షణాలు ఓర్చుకోవడమే ఇందులో కష్టమైన భాగం. ఆయన "రెండూ చేసెయ్యమ్మా" అంటే గొంతు పెంచకుండా, కొత్త వాదన ఎత్తుకోకుండా అదే మాట మళ్లీ చెప్పండి: "రెండూ చేస్తాను సార్, కానీ రేపు ఉదయానికి ఒక్కటే పూర్తవుతుంది. ఏది కావాలి?"

సాయంత్రం ఐదున్నరకు, ఫైలు చేతికి వచ్చాక మాట్లాడడం ఎప్పుడూ కష్టమే. నెలనెలా రిటర్నులు వేసే సంస్థల్లో అమ్మకాల వివరాలు ఇచ్చే జీఎస్టీఆర్-1కు 11వ తేదీ, పన్ను లెక్క తేల్చి కట్టే జీఎస్టీఆర్-3బీకి 20వ తేదీ గడువులు. పని ఎప్పుడు మీద పడుతుందో మీ విభాగంలో అందరికీ ముందే తెలుసు. కాబట్టి నెల మొదటి వారంలో, ఉదయం ఆయన స్థిమితంగా ఉన్న వేళ చూసి పది నిమిషాలు అడగండి. నెలంతటి పనినీ ఒక కాగితం మీద రాసుకొని వెళ్లండి. ఎవరి వాటా ఎంతో ఆ కాగితమే చెబుతుంది, మీరు ఎవరి మీదా చాడీ చెప్పినట్టు ఉండదు.

పక్క సీటు ఆయన విషయం వేరు. ఆయన మీ అధికారి కాదు, ఆయన పని చేయవలసిన బాధ్యత మీకు లేదు. అక్కడ సూటిగానే చెప్పాలి: "ఈ నెల నుంచి మీ రిటర్నులు నేను చేయలేనండీ. ఎక్కడైనా సందేహం వస్తే కూర్చొని చూపిస్తాను." ఆయన కొన్నాళ్లు ముఖం ముడుచుకుంటారు. ముడుచుకోనివ్వండి. ఎదుటివారి అలకను తీర్చడం మన పని అనుకున్నంత కాలం ఈ బరువు దిగదు.

ఇక ధైర్యం సంగతి. అద్దం ముందు నిలబడి "నేను ధైర్యవంతురాలిని" అని రోజూ అనుకోమని కొందరు శిక్షకులు చెబుతారు. దాని వల్ల ఒరిగేది తక్కువని నా అభిప్రాయం. మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బాండురా 1977లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం, ఒక పని చేయగలనన్న నమ్మకానికి నాలుగు ఆధారాలు ఉంటాయి: స్వయంగా చేసి నెగ్గిన అనుభవం, మనలాంటివారు చేస్తుండగా చూడడం, నమ్మదగినవారు చెప్పే ప్రోత్సాహం, ఆ సమయంలో మన శరీరం ఉన్న తీరు. వీటిలో అన్నిటికంటే బలమైనది మొదటిదే. అంటే ధైర్యం వచ్చాక మాట్లాడదామని కూర్చుంటే అది రాదు. చిన్న మాట చెప్పి, దాని వల్ల కొంప మునగలేదని కళ్లారా చూశాక వస్తుంది. అందుకే మేనేజరుతో మొదలుపెట్టకండి. భయపడే సందర్భాలన్నిటినీ తక్కువ భయం నుంచి ఎక్కువ భయం దాకా వరుసగా రాసుకోండి. చిల్లర సరిగా ఇవ్వని కండక్టరును అడగడం, క్యాంటీన్‌లో చల్లారిన టిఫిన్ మార్చమనడం ముందు వస్తాయి. పక్క సీటు ఆయన మధ్యలో ఉంటారు, మేనేజరు గారు చివర. భయాన్ని ఇలా మెట్టుమెట్టుగా తగ్గించే పద్ధతిని జోసెఫ్ వోల్పే అనే మనోవైద్యుడు 1950లలోనే చికిత్సగా మలిచారు.

చెప్పవలసిన మాటను మనసులో కాదు, పైకి అనండి. మీ వారినో, స్నేహితురాలినో మేనేజరుగా కూర్చోబెట్టి, వీలైనంత మొండిగా జవాబిమ్మని చెప్పి సాధన చేయండి. భయంలో మాట వేగం పెరుగుతుంది, వాక్యం చివరికి వచ్చేసరికి గొంతు దిగిపోతుంది. చివరి పదాన్ని పూర్తిగా పలకడం ఒక్కటి అలవాటైనా వినేవారికి తేడా తెలుస్తుంది. మొదటిసారి చెప్పిన రోజు రాత్రి మీకు తప్పు చేసినట్టు అనిపిస్తుంది. అది పాత అలవాటు పెడుతున్న బాధ, తప్పు చేసినందుకు గుర్తు కాదు. ఆ బాధతో మర్నాడు పొద్దున్నే వెళ్లి ఫైలు అడిగి తెచ్చుకోకండి.

ప్రశ్న: విశాఖ పక్కనే పరవాడ దగ్గర ఒక ఔషధ కర్మాగారంలో ట్రైనీ కెమిస్టుగా చేరాను. రాత్రి షిఫ్టులో డ్రమ్ముల నుంచి టోలుయిన్ అనే, తేలిగ్గా అంటుకునే ద్రావకాన్ని రియాక్టర్లోకి పంపేటప్పుడు, తొందరలో ఎర్తింగ్ క్లిప్ పెట్టకుండానే మొదలుపెట్టడం రెండుసార్లు చూశాను. మా షిఫ్ట్ ఇన్‌ఛార్జి గారిది మా నాన్న వయసు. "సార్, ఒకసారి చూసుకుంటే బాగుంటుందేమో" అన్నాను. ఆయన వినలేదో, విననట్టు ఊరుకున్నారో తెలియదు. ఇంతకంటే గట్టిగా అనడానికి నేనెంతటివాణ్ని? – ఒక యువ పాఠకుడు, స్టీల్‌ప్లాంట్ ప్రాంతం

జవాబు: మీరు చూసినది చిన్న విషయం కాదు. టోలుయిన్ గొట్టంలో ప్రవహించేటప్పుడు స్థిర విద్యుత్తు పుడుతుంది. అది టోలుయిన్ నుంచి అంత తేలిగ్గా భూమిలోకి పోదు. డ్రమ్మునూ రియాక్టరునూ తీగతో కలిపి భూమికి సంధానించకపోతే ఒక్క నిప్పురవ్వ చాలు, ఆవిరి అంటుకోవడానికి. ఇది మీకూ తెలుసు, ఆయనకు ఇంకా బాగా తెలుసు. తెలిసినవారి ముందు తెలిసిన విషయం చెప్పడానికి నాలుక ఎందుకు ముడుచుకుపోతుందో అర్థం చేసుకోవడానికి ఒక పాత ప్రమాదం సంగతి చెప్పాలి.

1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫ్ ద్వీపంలోని లాస్ రోడియోస్ విమానాశ్రయంలో, దట్టమైన పొగమంచులో రన్‌వే మీద రెండు బోయింగ్ 747 విమానాలు ఢీకొని 583 మంది మరణించారు. వాటిలో ఒకటైన కేఎల్‌ఎం సంస్థ విమానం కెప్టెన్ ఆ సంస్థలో ఇతర పైలట్లకు శిక్షణ ఇచ్చేంత అనుభవం ఉన్నవారు. ఆయన మొదట ఇంజన్ల వేగం పెంచబోయినప్పుడు, ఇంకా అనుమతి రాలేదని కో-పైలట్ గుర్తుచేశారు. కెప్టెన్ ఆగారు, అనుమతి అడగమన్నారు. కొద్దిసేపటికి, ఎగరడానికి అనుమతి రాకుండానే, ఆయన మళ్లీ కదిలినప్పుడు కో-పైలట్ అడ్డు చెప్పలేదు. విమానం పరుగందుకున్నాక ఫ్లైట్ ఇంజనీరు, రెండవదైన పాన్ యామ్ విమానం రన్‌వే మీద నుంచి ఇంకా తప్పుకోలేదా అని ప్రశ్నగా అన్నారు. తప్పుకుందని కెప్టెన్ దృఢంగా జవాబిచ్చారు. ఫ్లైట్ ఇంజనీరు మరి మాట్లాడలేదు. పాన్ యామ్ విమానం రన్‌వే మీదే ఉంది.

ఆ ఇంజనీరు మాటనూ, మీరు అన్న మాటనూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ ప్రశ్నలే, రెండూ సూచనలే. వినేవారు కొట్టిపారేయడానికి వీలుగా, మర్యాద పేరుతో, మెత్తగా తయారైన మాటలు. ఈ ప్రమాదం, ఆ కాలంలోనే జరిగిన మరికొన్ని ప్రమాదాల తరువాత, 1979లో నాసా ఏర్పాటు చేసిన సదస్సు నుంచి విమాన సిబ్బందికి కొత్త తరహా శిక్షణ రూపుదిద్దుకుంది. దాన్ని క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్ అంటారు. కింది స్థాయివారు అనుమానాన్ని స్పష్టంగా చెప్పడం, పై స్థాయివారు దాన్ని వినడం, రెండూ ఆ శిక్షణలో ఉద్యోగ ధర్మాలే. చెప్పే ధైర్యం ఉండేవారికి ఉంటుంది, లేనివారికి లేదు అని వదిలేయకుండా, ఏ వరుసలో ఏమని చెప్పాలో నేర్పారు.

మీరూ అదే వరుసలో మాట్లాడవచ్చు. ముందు ఆయన్ని పిలిచి ఆయన చూపు మీ మీదకు తెచ్చుకోండి; ఆ తరువాత చూసినది, ప్రమాదం, చేయవలసిన పని చెప్పి, చివర ఆయన సమ్మతి అడగండి. "రావు గారూ" అనో "సార్" అనో, మీరు రోజూ ఎలా పిలిస్తే అలాగే. "సార్, డ్రమ్ముకు ఎర్తింగ్ క్లిప్ లేదు. ఇలా మొదలుపెడితే మంట రావచ్చని నాకు భయంగా ఉంది. పంపు ఆపి క్లిప్ నేను పెడతాను. సరేనా సార్?" ఇందులో "బాగుంటుందేమో" లేదు. "మీరు మర్చిపోయారు" అన్న నిందా లేదు. తండ్రి వయసువారితో ఇంత గౌరవంగా, ఇంత ఖచ్చితంగా ఒకేసారి మాట్లాడవచ్చు. గౌరవం పిలుపులోనూ గొంతులోనూ ఉంటుంది, ఖచ్చితత్వం విషయంలో ఉంటుంది. అప్పటికీ ఆయన వద్దంటే, ఆ పనిలో మీ చేయి వేయకండి, వెంటనే సేఫ్టీ విభాగానికి ఫోను చేయండి. ప్రమాదం తప్పిన సంఘటనలను నమోదు చేసే పుస్తకం మీ కర్మాగారంలో ఉంటే, అందులో మనిషి పేరు లేకుండా జరిగిన సంగతి రాయండి.

ఇదంతా చెబుతూ ఒక విషయం దాచలేను. కాంట్రాక్టు మీద పనిచేసేవారికి, ట్రైనీలకు నోరు విప్పితే రేపు గేటు దగ్గరే ఆపేస్తారన్న భయం ఉంటుంది, అది ఉత్తుత్తి భయమేమీ కాదు. అలా మౌనంగా ఉండిపోయినవారిని పిరికివారని నేను అనను. చెప్పినవారిని శిక్షించని వాతావరణం కల్పించవలసింది యాజమాన్యాలు. ఆసుపత్రుల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన శస్త్రచికిత్స భద్రతా పట్టికలో, కోత పెట్టడానికి ముందు గదిలోని ప్రతి ఒక్కరూ తమ పేరు, తమ పని చెప్పాలని ఒక అంశం ఉంది. ఒక్కసారి తన గొంతు ఆ గదిలో వినిపించిన నర్సు, తరువాత తేడా కనిపించినప్పుడు మళ్లీ మాట్లాడడం తేలిక. షిఫ్టు మొదట్లో అందరి చేతా రెండు మాటలు చెప్పించే ఇన్‌ఛార్జిలు మన కర్మాగారాల్లోనూ ఉన్నారు. మీ ఇన్‌ఛార్జి గారికి ఈ పేజీ చూపించినా తప్పు లేదు.

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లె. మధురవాడలో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేస్తున్నాను. "ఏటి" అన్నా, "ఎల్లొస్తాను" అన్నా మా టీంలో నవ్వుతారు. అప్పటి నుంచి తెలుగులోనూ మాట తగ్గిపోయింది. ఇక అమెరికా క్లయింట్లతో కాల్స్‌లో నేను ఉన్నట్టే ఎవరికీ తెలియదు. నేను రాసిన కోడ్ గురించి వేరేవాళ్లు చెబుతుంటే వింటూ కూర్చుంటున్నాను. – ఒక పాఠకుడు, మధురవాడ

జవాబు: విశాఖ ఉత్తరాంధ్ర నగరం. ఆధునిక తెలుగు కథకూ నాటకానికీ ప్రాణం పోసిన భాషల్లో మీ ఇంటి భాష ఒకటి. ఇక్కడ కూర్చొని ఆ యాసను చూసి నవ్వేవారు తమ అజ్ఞానాన్ని బయటపెట్టుకుంటున్నారు. అయినా ఈ వివరణ వారికి ఇవ్వనక్కరలేదు. నవ్వేవారిలో ముందుండే ఒక్కరిని టీ తాగే వేళ పక్కకు పిలిచి, "నా యాస మీద జోకులు నాకు నచ్చడం లేదు, ఆపేయండి" అని ముఖం చూసి చెప్పండి. చిరునవ్వు కలపకండి, కలిపితే అది కూడా జోకు కిందే పోతుంది. చాలామంది అక్కడితో ఆపేస్తారు. ఆపకపోతే రెండవసారి మేనేజరుకు మెయిల్ రాయండి. మీ యాసను మాత్రం మార్చుకోకండి.

క్లయింట్ కాల్ విషయంలో మీ ఇబ్బంది ఇంగ్లీషు కంటే సమయానికి సంబంధించినదని నాకు అనిపిస్తోంది. సమావేశంలో ఎంతసేపు మౌనంగా కూర్చుంటే మొదటి మాట అంత బరువెక్కుతుంది. అందుకని మొదటి ఐదు నిమిషాల్లోనే ఏదో ఒకటి మాట్లాడండి. పలకరింపైనా సరే, ఎజెండా మీద ఒక ప్రశ్నైనా సరే. మీ మాడ్యూల్ చర్చకు వచ్చే రోజు, కాల్‌కు ముందే టీం లీడ్‌కు, "ఈ భాగం నేను రాశాను కాబట్టి నేనే వివరిస్తాను, మూడు నిమిషాలు చాలు" అని సందేశం పంపండి. అడగడానికి అక్కడ ఎవరూ ఎదురుగా ఉండరు గనుక మొహమాటం తక్కువ, వారు మర్చిపోతే చూపించడానికి రాత కూడా ఉంటుంది.

ఆ మూడు నిమిషాలకు మొత్తం ప్రసంగం రాసుకొని చదవకండి. మొదటి వాక్యం, చివరి వాక్యం మాత్రం అక్షరం పొల్లుపోకుండా రాసుకొని, పైకి చదివి సాధన చేయండి. మధ్యలో మీకు తెలిసిన పనే గనుక మాట దానంతట అదే వస్తుంది. నీళ్లు నమలడం ఎక్కువగా మొదలుపెట్టేటప్పుడూ ముగించేటప్పుడే జరుగుతుంది. ఎవరైనా మధ్యలో అందుకుంటే, "ఒక్క నిమిషం, ఇది పూర్తి చేస్తాను" అని ఆగకుండా కొనసాగించండి. క్లయింట్ ఉచ్చారణ అర్థం కాకపోతే మళ్లీ చెప్పమనండి, ఆపైన "మీరు అడిగింది ఇదే కదా" అని మీ మాటల్లో తిరిగి చెప్పి రూఢి చేసుకోండి. ముందు జవాబులో విమానాల సంగతి వచ్చింది. రన్‌వే మీదకు వెళ్లడానికీ ఎగరడానికీ కంట్రోల్ టవర్ ఇచ్చిన అనుమతిని పైలట్ తిరిగి చదివి వినిపించాలన్నది నియమం. ఎంత అనుభవం ఉన్నవారైనా పాటించవలసిందే. దాన్ని ఎవరూ ఇంగ్లీషు రాకపోవడం అనరు.

ప్రశ్న: మా టీం లీడర్ నా బట్టల గురించి, నా శరీరం గురించి వ్యాఖ్యలు చేస్తున్నారు. భుజం మీద చేయి వేస్తున్నారు. గట్టిగా మాట్లాడే ధైర్యం లేక దూరంగా తప్పుకుంటున్నాను. ధైర్యం పెంచుకోవడానికి ఏం చేయాలి? – పేరూ ఊరూ వద్దన్న పాఠకురాలు

జవాబు: అమ్మా, మీకు ధైర్యం చాలకపోవడం వల్ల ఇది జరగడం లేదు. ఆయన చట్టం నిషేధించిన పని చేస్తున్నారు గనుక జరుగుతోంది. ముందు మీరు గట్టిగా మాట్లాడి, ఆ తరువాతే ఫిర్యాదు చేయాలన్న షరతు ఎక్కడా లేదు. పని ప్రదేశాల్లో మహిళలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం 2013లో వచ్చింది. పది మంది, అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థలోనూ అంతర్గత కమిటీ ఉండాలి. దానికి ఒక సీనియర్ మహిళా ఉద్యోగి అధ్యక్షురాలిగా ఉండాలి, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు కావాలి, సంస్థకు చెందని సభ్యులు ఒకరు ఉండాలి. అంతకంటే చిన్న సంస్థ అయితే, లేదా ఫిర్యాదు యజమాని మీదే అయితే, జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్లవచ్చు.

ఫిర్యాదు రాతపూర్వకంగా, సంఘటన జరిగిన మూడు నెలల లోపు ఇవ్వాలి. పదేపదే జరుగుతుంటే చివరి సంఘటన నుంచి లెక్క. తగిన కారణం ఉంటే కమిటీ మరో మూడు నెలలు పొడిగించవచ్చు. విచారణ 90 రోజుల్లో ముగియాలి. ఆ సమయంలో మీకు గానీ ఆయనకు గానీ బదిలీ, లేదా మీకు మూడు నెలల దాకా సెలవు ఇవ్వాలని మీరు రాతపూర్వకంగా కోరవచ్చు. ఈ రోజు రాత్రే ఒక పుస్తకంలో తేదీ, సమయం, చోటు, ఆయన అన్న మాటలు, పక్కన ఎవరున్నారో రాసి పెట్టుకోండి. వచ్చిన సందేశాలేవీ చెరిపేయకండి. నమ్మకమైన ఒక్కరికి చెప్పండి, ఒంటరిగా మోయకండి.

ప్రశ్న: ద్వారకానగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెబుతాను. జీతం పెంచమని అడగలేకపోతున్నాను. – ఒక అధ్యాపకుడు, అక్కయ్యపాలెం

జవాబు: అడగందే అమ్మైనా పెట్టదు. కొత్త బ్యాచ్‌ల టైంటేబుల్ ఖరారయ్యే ముందు అడగండి, అప్పుడు మీ అవసరం వారికి స్పష్టంగా కనిపిస్తుంది. "కొంచెం చూడండి" అనకుండా ఒక అంకె చెప్పండి. మీ బ్యాచ్ ఫలితాలు, మీరు అదనంగా తీసుకున్న తరగతులు ఒక కాగితం మీద ఉంచండి. తోటి అధ్యాపకుడి జీతంతో పోల్చకండి. నిజంగా మానేసే ఉద్దేశం లేకుండా మానేస్తానని అనకండి. "చూద్దాం" అన్న జవాబు వస్తే, ఏ తేదీకి తేలుస్తారో అడిగి, ఆ తేదీన మళ్లీ వెళ్లండి.

ప్రశ్న: డిప్లొమా చదివి ఓడల మరమ్మతుల కాంట్రాక్టు సంస్థలో ఈ మధ్యే సూపర్‌వైజరునయ్యాను. నా కింద వెల్డర్లలో ఒకాయన మా నాన్నకు స్నేహితుడు, నేను బాబాయ్ అని పిలుస్తాను. ఆయన వేసిన జాయింట్లు పరీక్షలో రెండుసార్లు తిరిగొచ్చాయి, బ్లో హోల్స్, అంటే గాలి రంధ్రాలు, ఉన్నాయన్నారు. మళ్లీ చేయమని ఆయనకు చెప్పలేక వేరే కుర్రాడితో చేయించాను. – ఒక పాఠకుడు, సింధియా

జవాబు: 1941లో నౌకా నిర్మాణ కేంద్రానికి పునాది పడినప్పటి నుంచి మీ ప్రాంతంలో తాత, తండ్రి, కొడుకు అదే పని చేస్తున్న ఇళ్లు ఉన్నాయి. అలాంటి చోట కింద పనిచేసేవారిలో ఒక బాబాయ్ ఉండడం సహజం, ఆ పిలుపు మార్చుకోవద్దు. కానీ ఆయనకు చెప్పకుండా కుర్రాడితో చేయించడం ఆయనకు జరిగిన ఎక్కువ అవమానం. ఇవాళ కాకపోతే రేపు ఆయనకు తెలుస్తుంది, అందరికీ ముందే తెలిసిన సంగతి తనకు చివర తెలిసిందని కూడా తెలుస్తుంది.

పది మంది ముందు కాకుండా, షిఫ్టు మొదలయ్యే ముందు ఆయన్ని జాయింటు దగ్గరికి తీసుకెళ్లండి. పరీక్ష కాగితం చూపించి, "బాబాయ్, ఈ రెండు చోట్లా రంధ్రాలు పడ్డాయి, గ్రైండ్ చేసి మళ్లీ వేయాలి. ఎందుకిలా అవుతోందంటారు?" అని అడగండి. మొదటి వాక్యంలో మొహమాటానికి చోటివ్వకండి, "వీలైతే", "ఏమనుకోకండి" వంటివి కలపకండి. రెండవ వాక్యంలో మాత్రం మీరు నిజంగానే తెలుసుకోవడానికి అడగాలి, ఎందుకంటే తప్పు ఆయనది కాకపోవచ్చు. సముద్రపు గాలిలో లో-హైడ్రోజన్ ఎలక్ట్రోడ్లు అనే వెల్డింగ్ కడ్డీలు త్వరగా చెమ్మ పట్టేస్తాయి. వాటిని ఓవెన్‌లో వేడిగా ఉంచి, కొద్దికొద్దిగా తీసి వాడాలి. ఓవెన్ పనిచేయకపోతే ఎంతటి చేయి తిరిగిన వెల్డరు వేసినా జాయింటులో రంధ్రాలు పడతాయి. ముప్పై ఏళ్లు ఆ పని చేసిన మనిషికి ఆ సంగతి మీకంటే ముందే తెలిసి ఉండవచ్చు, మీరు అడగలేదు గనుక చెప్పి ఉండరు.

ఓవెనే కారణమని తేలితే ఆ రోజే మీ పై అధికారికి రాతపూర్వకంగా తెలియజేయండి, రాసినట్టు బాబాయ్‌కి కూడా చెప్పండి. కారణం అది కాదని, పని మీద శ్రద్ధ తగ్గడమేనని తేలితే, మూడవసారి తిరిగొచ్చిన జాయింటును కూడా ఆయన చేతే వేయించండి. కుర్రాడికి మాత్రం ఇవ్వకండి.